తాబేలుకు పుట్టినరోజు.. అవ్వకు జ్వరం!

కుక్కకో, పిల్లికో పుట్టినరోజు చేయటం పాత ముచ్చట. ఇప్పుడు చిన్న పట్టణాల ఇళ్లలోకీ నీటి తాబేళ్లు, ఇగ్వానాలు, కాకటీల్ పక్షులు, షుగర్ గ్లైడర్లు వస్తున్నాయి. పిల్లలు వాటికో పేరు పెడుతున్నారు, ఏడాది తిరగ్గానే కేకు కోయాలంటున్నారు. వేడుక చేయటంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఒక్క పూట సంబరంలో మనం చేసే చిన్న చిన్న పొరపాట్లు ఇంట్లోని పెద్దవాళ్లను, పసిపిల్లలను ఆసుపత్రి పాలు చేయొచ్చు. ఆ జీవికీ ముప్పు తేవచ్చు. కొద్దిపాటి జాగ్రత్తలతో రెండింటినీ తప్పించుకోవచ్చు.

కిందటేడు వానాకాలంలో 68 ఏళ్ల పెద్దావిడను మా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొచ్చారు. సొంతూరు జమ్మలమడుగు దగ్గరి పల్లె. కొడుకు వ్యాపారం ప్రొద్దుటూరులో కావటంతో నాలుగేళ్లుగా అక్కడే ఉంటోంది. పన్నెండేళ్లుగా మధుమేహం. కడుపులో మంటకు రోజూ మాత్ర వేసుకుంటుంది. వచ్చేసరికి కళ్లు లోపలికి పోయి, నాలుక ఎండిపోయి ఉంది. పిలిస్తే పలుకుతోంది గానీ వెంటనే మగతలోకి జారిపోతోంది.

‘‘టైఫాయిడ్ అంట సార్. నాలుగు దినాలాయ, జ్వరం తగ్గల్యా. విరేచనాలు కూడా మొదలైనాయి’’ అన్నాడు కొడుకు. చేతిలో బయట చేయించిన వైడాల్ పరీక్ష కాగితం ఉంది.

సెలైన్ పెట్టాం. రక్తం కల్చర్‌కు పంపాం. ఒంట్లో నీరు తగ్గిపోవటంతో కిడ్నీలూ నీరసించాయని క్రియాటినిన్ చెప్పింది. మూడో రోజుకు కల్చర్ ఫలితం వచ్చింది. అది టైఫాయిడ్ కాదు. టైఫాయిడ్ క్రిమికి దాయాది లాంటి మరో రకం సాల్మొనెల్లా. పేగుల్లో ఆగకుండా రక్తంలోకి చేరిపోయింది.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది? నేను మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడిగాను. బయట తిన్నారా? పచ్చి గుడ్డు, సరిగా ఉడకని కోడికూర ఏమైనా తిన్నారా? ఇంట్లో ఇంకెవరికైనా విరేచనాలయ్యాయా? అన్నిటికీ ‘లేదు’ అనే జవాబు. చివరగా ‘‘ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా?’’ అన్నాను.

‘‘ఏం ల్యావు సార్. ఉన్న రెండు బర్రెలూ ఊర్లోనే అమ్మేసి వచ్చినాం.’’

మర్నాడు సాయంత్రం పదేళ్ల మనవడు అవ్వను చూడటానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నాడు. రౌండ్స్‌లో ఉన్న నా కంట అవి పడ్డాయి. బల్ల మీద కేకు, దాని పక్కనే కాగితం టోపీ పెట్టుకున్న తాబేలు. ఒక ఫొటోలో పిల్లవాడు దాని డిప్పకు ముద్దు పెడుతున్నాడు. ఇంకో ఫొటోలో అవ్వ ఒక చేత్తో తాబేలును పట్టుకుని, రెండో చేత్తో కేకు తింటోంది. తేదీ చూస్తే, జ్వరం మొదలవటానికి సరిగ్గా రెండు రోజుల ముందు.

‘‘ఇది జంతువు కాదా నాయనా?’’ అన్నాను తండ్రితో.

‘‘అది తాబేలు కద సార్!’’

తప్పు ఆయనది కాదు, నా ప్రశ్నది. మన దగ్గర జంతువంటే ఆవు, బర్రె, కుక్క, మేక. తొట్టిలో ఈదే తాబేలు, పంజరంలోని పక్షి ఆ లెక్కలోకి రావు. ఇంకాస్త అడిగితే అసలు సంగతి బయటపడింది. మనవడు బడికి పోతాడు కాబట్టి తొట్టి నీళ్లు మార్చే పని అవ్వదే. రోజూ వంటింటి సింకులోనే తొట్టి కడిగేది.

ఆ తొట్టి నీళ్లను మేం పరీక్షకు పంపలేదు. కాబట్టి నూటికి నూరుపాళ్లు తాబేలే కారణమని చెప్పను. కానీ మధుమేహం, వయసు, యాసిడ్ తగ్గించే మాత్ర, రోజూ వంటింట్లో తాబేలు నీళ్లు.. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే అనుమానం అటే పోతుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లతో తొమ్మిదో రోజుకు ఆమె కోలుకుని ఇంటికి వెళ్లింది. ఆనాటి నుంచి నేను ‘జంతువులున్నాయా?’ అని అడగటం మానేశాను. ‘తాబేలు, చిలుక, లవ్‌బర్డ్స్, కుందేలు, బల్లిజాతివి ఏమైనా ఉన్నాయా?’ అని ఒక్కో పేరూ చెప్పి అడుగుతున్నాను.

టైఫాయిడ్‌కు దాయాది

సాల్మొనెల్లా పెద్ద కుటుంబం. అందులో టైఫాయిడ్ కలిగించే రకం మనుషుల్లోనే ఉంటుంది. మనిషి నుంచి కలుషితమైన నీరు, ఆహారం ద్వారా మనిషికి వస్తుంది. మిగిలిన రకాల్లో చాలావరకు జంతువుల పేగుల్లో కాపురముంటాయి. తాబేళ్లు, బల్లిజాతి జీవులు, పాములు, కప్పల పేగుల్లో ఇవి సహజంగానే ఉండొచ్చు. వాటికి ఏ హానీ చేయవు. అందుకే తాబేలు చలాకీగా ఈదుతూ, బాగా తింటున్నా దాని మలంలో క్రిమి ఉండొచ్చు. పైగా రోజూ ఒకేలా బయటకు రాదు. ఒకసారి పరీక్షలో లేదని తేలినా, వచ్చే వారం ఉండదన్న భరోసా లేదు.

మలం నుంచి తొట్టి నీళ్లలోకి, అక్కడి నుంచి డిప్ప మీదికి, డిప్ప నుంచి మన చేతికి, చేతి నుంచి నోటికి. ఇదీ దాని దారి. తాబేలు కరవక్కర్లేదు, గీరక్కర్లేదు. ముట్టుకున్న చేత్తో కేకు ముక్క తీసుకుంటే చాలు.

క్రిమి కడుపులో పడిన 6 గంటల నుంచి 6 రోజుల్లోపు జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో సాధారణంగా 4 నుంచి 7 రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఓఆర్ఎస్, ద్రవాహారం సరిపోతాయి. అందరికీ యాంటీబయాటిక్స్ అక్కర్లేదు. చిక్కంతా బలహీనుల విషయంలోనే. వారిలో క్రిమి రక్తంలోకి చేరి ప్రాణాల మీదికి తేవచ్చు.

ఇక్కడో మాట. మన ప్రాంతంలో జ్వరం రాగానే వైడాల్ చేయించుకోవటం అలవాటైపోయింది. ఒక్క వైడాల్ కాగితంతో టైఫాయిడ్‌ను తేల్చలేం. ఏ క్రిమో కచ్చితంగా తెలియాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీసిన రక్తం కల్చర్, అవసరమైతే మలం కల్చర్ కావాలి. ఇంట్లో తాబేలో, పక్షో ఉంటే అడగకపోయినా డాక్టరుకు చెప్పండి. వ్యాధి నిర్ధారణకు ఆ ఒక్క మాట ఎంతో ఉపకరిస్తుంది.

ముట్టుకోకున్నా అంటుకుంది

ఈ సంగతి ప్రపంచానికి కొత్తది కాదు. మన దగ్గర పెంపుడు జంతువుల దుకాణాల్లో కనిపించే, చెవి దగ్గర ఎర్రచార ఉన్న తాబేలు పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని పుట్టిల్లు అమెరికా. అక్కడ పిల్లలు బుల్లి తాబేళ్లను చేతుల్లో పెట్టుకుని ఆడటం, నోట్లో పెట్టుకోవటం వల్ల సాల్మొనెల్లా బాగా వ్యాపించింది. దాంతో 1975లో డిప్ప పొడవు 4 అంగుళాల కంటే తక్కువ ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. మన పిల్లలు ముచ్చటపడి కొనేవి సరిగ్గా ఆ సైజువే. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దవి.

1996లో అమెరికాలోని డెన్వర్ జూలో జరిగింది మరీ ఆశ్చర్యం. కొమొడో డ్రాగన్ అనే భారీ బల్లిని చూడటానికి వచ్చిన వారిలో చాలామందికి, ముఖ్యంగా పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు వచ్చింది. వాళ్లు ఆ బల్లిని ముట్టుకోనే లేదు. దాని చుట్టూ కట్టిన చెక్క కంచెను పట్టుకుని నిలబడ్డారంతే. చూసి వచ్చాక చేతులు కడుక్కున్న వారికి మాత్రం ముప్పు బాగా తక్కువగా ఉందని పరిశోధకులు తేల్చారు.

మన ఇంటి పుట్టినరోజు బల్ల కూడా ఆ చెక్క కంచె లాంటిదే. తాబేలు నడిచిన చోట ప్లేటు పెడితే, మీరు తాబేలును ముట్టుకోకపోయినా ఒకటే.

ఎవరు దూరంగా ఉండాలి?

ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటినవారు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, కిడ్నీ, కాలేయ జబ్బులున్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు, హెచ్ఐవీ ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు తాబేళ్లు, ఇగ్వానాలు, పాములు, కప్పల వంటివాటిని ముట్టుకోకపోవటమే మంచిది. కడుపులో యాసిడ్‌ను తగ్గించే మాత్రలు వాడేవారూ జాగ్రత్తగా ఉండాలి. యాసిడ్ మన కడుపుకు కాపలాదారు. అది తగ్గితే కొద్దిపాటి క్రిమి కూడా లోపలికి చొరబడుతుంది.

ఇంట్లో ఐదేళ్లలోపు బిడ్డ ఉంటే అసలు ఇలాంటి జీవిని కొనకపోవటమే మేలు. బిడ్డ దాన్ని తాకకపోయినా, దాన్ని ఎత్తుకున్న చేత్తోనే అమ్మ పాలసీసా కలపొచ్చు.

రెండు బల్లలు, మధ్యలో సబ్బు

మరి వేడుక మానేయాలా? అక్కర్లేదు. పిల్లలకు ఇంకో ప్రాణి మీద ఇష్టం పుట్టటం మంచి విషయం. దాన్ని చిదిమేయొద్దు. ఒక్క సూత్రం పాటిస్తే చాలు. జీవికి ఒక బల్ల, మనుషులకు ఒక బల్ల. ఒకదాని దగ్గరి నుంచి ఇంకోదాని దగ్గరికి పోవాలంటే దారిలో సబ్బు, నీళ్లు ఉండాలి.

* ముందు జీవి దగ్గర పాట పాడటం, ఫొటోలు దిగటం పూర్తి చేయండి. తర్వాత అందరూ చేతులు కడుక్కున్నాకే కేకు డబ్బా తెరవండి. వరస మార్చొద్దు.

* సబ్బుతో చేతులు రుద్దుతూ మనసులో ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. శానిటైజర్ అనేది నీళ్లు దొరకనప్పటి మాట. అప్పుడు వాడినా, నీళ్లు దొరకగానే సబ్బుతో కడుక్కోవాలి.

* ముద్దులొద్దు. బుగ్గకు ఆనించుకోవటాలూ వద్దు. ఫొటోకు తొట్టి పక్కన నిలబడినా అందంగానే ఉంటుంది.

* వచ్చిన పిల్లలందరి చేతుల్లోకీ జీవిని మార్చొద్దు. వాళ్లలో ఎవరికి ఏ జబ్బుందో మనకు తెలియదు. అన్ని చేతులు మారటం ఆ జీవికీ నరకమే.

* ఇల్లంతా, ముఖ్యంగా వంటింట్లో, తిరగనివ్వొద్దు. తొట్టిని సింకులో గానీ, పసిబిడ్డకు స్నానం చేయించే చోట గానీ కడగొద్దు. వీలైతే ఆరుబయట కడగాలి. మురికి నీళ్లను మరుగుదొడ్డిలో పోయాలి. తొట్టికి వేరే బ్రష్, వేరే మగ్గు ఉండాలి.

* పార్టీకి పిలిచేటప్పుడే ఇంట్లో ఫలానా జీవి ఉందని తల్లిదండ్రులకు చెప్పండి. గర్భిణులు, పసిబిడ్డల తల్లులు రావాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు.

దాని కేకు దానికే

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో సెయింట్ హెలెనా అని ఓ దీవి ఉంది. నెపోలియన్ చివరి రోజులు గడిపింది అక్కడే. ఆ దీవి గవర్నరు బంగ్లా ఆవరణలో ఉండే జోనథన్ అనే పెద్ద తాబేలుకు 2022 డిసెంబరులో 190వ పుట్టినరోజు చేశారు. నిజానికి అది ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. 1882లో దీవికి తెచ్చేనాటికే పూర్తిగా ఎదిగి ఉంది కాబట్టి అప్పటికి కనీసం 50 ఏళ్లుంటాయని లెక్కగట్టి, 1832 డిసెంబరు 4ను పుట్టినరోజుగా ప్రకటించారు. మూడు రోజులు వేడుకలు జరిగాయి. కేకూ పెట్టారు. కానీ అది మైదా, క్రీముతో చేసింది కాదు. తాబేలు తినే వాటితోనే తయారుచేసింది.

మనమూ ఆ పద్ధతే నేర్చుకోవాలి. మన కేకులోని చక్కెర, వెన్న, చాక్లెట్ ఈ జీవులకు పడవు.

నీటి తాబేలు మేతను నీళ్లలో ఉంటేనే సరిగా మింగగలదు. బల్ల మీద కూర్చోబెట్టి నోటికి అందిస్తే అది తినలేదు. దానికోసం అమ్మే పెల్లెట్లు, కాస్త క్యారట్ తురుము, లెట్యూస్ ఆకు తొట్టిలోనే వేయండి. ఇగ్వానా పూర్తి శాకాహారి. ఆకుకూరలు, గుమ్మడి తురుము పెట్టొచ్చు. ముచ్చటకు పులివెందుల అరటిపండు నుంచి చిన్న ముక్క పెట్టినా ఫర్వాలేదు. బడ్జీలకు, కాకటీళ్లకు ఒక కొర్రకంకి వేలాడదీయండి. అవి దాన్ని ఒలుచుకు తింటుంటే చూడటమే పెద్ద వినోదం. మన సీమ చేలల్లో పండే పంటే వాటికి పండగ భోజనం. కుందేలుకు గడ్డే అమృతం.

పక్షులకు అవకాడో, చాక్లెట్ విషంతో సమానం. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన మిక్చరు, చిప్స్ ఏ జీవికీ పెట్టొద్దు. అతిథుల పిల్లలు తమ ప్లేటులోంచి పెట్టకుండా ఒక పెద్దవారు దగ్గర కూర్చోవాలి.

మన సందడి.. దానికి బెదురు

బెలూన్ పగిలిన చప్పుడుకు మనం నవ్వుకుంటాం. పంజరంలోని పక్షి మాత్రం బెదిరి కడ్డీలకు కొట్టుకుని రెక్క విరగ్గొట్టుకోవచ్చు. కుందేలు భయంతో ఒక్కసారిగా తన్నుకుంటే వెన్ను దెబ్బతినొచ్చు. పగిలిన బెలూన్ ముక్కలు, రిబ్బన్లు, తళుకుపొడి, థర్మోకోల్ పూసలు మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. కొవ్వొత్తి మంటకు దగ్గర్లో స్నో స్ప్రే వాడితే భగ్గున అంటుకుంటుంది. పక్కన జీవి ఉన్నా లేకున్నా అది ప్రమాదమే.

పక్షుల ఊపిరితిత్తులు మరీ సున్నితం. అగరుబత్తి పొగ, గదిలో కొట్టే సెంట్లు, కొవ్వొత్తుల పొగ వాటికి చేటు. పార్టీ వంటలకు నాన్‌స్టిక్ పెనాన్ని బాగా కాల్చితే వచ్చే ఆవిరి మనకు తెలియకుండానే పక్షిని నిమిషాల్లో చంపగలదు. ఆ రోజు పంజరాన్ని వంటింటికి దూరంగా, గాలి ఆడే వేరే గదిలో ఉంచండి. పాట పాడే ఐదు నిమిషాలు మాత్రం అందరూ అక్కడికి వెళ్లండి.

పుట్టినరోజు ఎండాకాలంలో వస్తే ఇంకో సంగతి. ప్రొద్దుటూరు ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ‘తాబేలుకు ఎండ మంచిది’ అని తొట్టిని మేడ మీద వదిలేస్తే లోతు లేని నీళ్లు త్వరగా కాగిపోతాయి. ఎండతో పాటు తప్పుకోవటానికి నీడ కూడా ఉండాలి.

పక్షి కానుకగా వచ్చిన జ్వరం

1929 క్రిస్మస్‌కు అమెరికాలోని అనాపొలిస్‌లో ఒకాయన భార్యకు కానుకగా చిలుకను కొన్నాడు. చిలుక చనిపోయింది. 1930 జనవరిలో ఇంట్లోవాళ్లు జ్వరం, న్యుమోనియా లక్షణాలతో మంచం పట్టారు. చాలా చోట్ల అలాంటి కేసులే బయటపడటంతో అమెరికా చిలుకల దిగుమతినే ఆపేసింది. ఆ జబ్బు పేరు సిట్టకోసిస్. పక్షుల ఎండిన రెట్ట దుమ్మును పీల్చితే వస్తుంది. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒంటినొప్పులు, పొడి దగ్గు ఉంటాయి. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మందులతో బాగా నయమవుతుంది. గుర్తించాలంటే ఇంట్లో పక్షి ఉందని డాక్టరుకు తెలియాలి.

పార్టీకి ముందు పంజరం శుభ్రం చేయాలని అనిపించటం సహజం. పొడి రెట్టను చీపురుతో ఊడ్చొద్దు. ముందు నీళ్లు చిలకరించి, తడిపి, మాస్కు, గ్లౌజులు వేసుకుని తీయండి. ఆస్తమా ఉన్నవారికి ఆ పని అప్పజెప్పొద్దు. పక్షులు పెంచేవారిలో దగ్గు, ఆయాసం వారాల తరబడి తగ్గకపోతే అది పక్షుల ఈకలు, రెట్టల ధూళి పడని అలర్జీ కూడా కావొచ్చు. ఛాతీ పరీక్ష చేయించుకోవాలి.

కరిస్తే రేబిస్ వస్తుందా?

పులివెందుల నుంచి ఒక కుర్రాడు వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. స్నేహితుడి ఇంట్లో ఇగ్వానా పుట్టినరోజు. కొవ్వొత్తి ముందు దాని మూతి పట్టుకుని ఫొటో దిగబోతే కరిచింది. ‘‘కుక్క సూదులు ఎన్ని వేయించుకోవల్ల సార్?’’ అన్నది అతని మొదటి ప్రశ్న.

రేబిస్ క్షీరదాల జబ్బు. అంటే పాలిచ్చి పెంచే జీవులది. తాబేలు, ఇగ్వానా, పాము, పక్షి కరిచినా రేబిస్ రాదు. కానీ గాయంలో చీము పట్టొచ్చు, ధనుర్వాతం ముప్పూ ఉంటుంది. వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి. టీటీ అవసరమా, యాంటీబయాటిక్ కావాలా అన్నది గాయాన్ని చూసి చెబుతారు. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టొద్దు.

కుక్క, పిల్లి, కోతిజాతి జీవులు కరిస్తే లెక్క వేరు. బుల్లిగా, ముద్దుగా ఉండే మార్మొసెట్ కోతుల నుంచి కూడా బ్రెజిల్‌లో మనుషులకు రేబిస్ సోకింది. వీటి పంటి గాటు, గోటి గీత ఎంత చిన్నదైనా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఎప్పుడు పరుగెత్తాలి?

పార్టీ అయిన వారం లోపల ఎవరికైనా విరేచనాలు మొదలైతే ముందు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టునైతే లీటరు శుభ్రమైన నీటిలో మొత్తం కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. మజ్జిగ, గంజి ఇవ్వొచ్చు. విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

మలంలో రక్తం, 102 డిగ్రీలు దాటిన జ్వరం, ఏది తాగినా వాంతి, మూత్రం తగ్గిపోవటం, మగత, మూడు రోజులు దాటినా తగ్గని విరేచనాలు.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయొద్దు. పసిపిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారి విషయంలో ఇవి కనిపించేదాకా కూడా ఆగొద్దు. మొదటి రోజే చూపించండి.

అసలు ఇంట్లో ఉండొచ్చా?

కొన్ని జీవులకు మన ఇంట్లో పుట్టినరోజు చేయటమే కుదరదు. రామచిలుక మన అడవి పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెంచటం నేరం. ‘ఇంట్లో ఉంటే కలిసొస్తుంది’ అని కొందరు తెచ్చుకునే నక్షత్ర తాబేలు చట్టంలోని మొదటి షెడ్యూల్లో ఉంది. పులికి ఎంత రక్షణో దానికీ అంత. ఎవరైనా కానుకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఉంటే అటవీశాఖకు అప్పగించండి.

2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే మకావ్, ఆఫ్రికన్ గ్రే చిలుక, ఇగ్వానా, బాల్ పైథాన్ వంటి విదేశీ జీవులు ఉన్నవారు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వాటికి పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి. అంటే ఇగ్వానా పిల్లకు కేకు కంటే ముందు కావాల్సింది కాగితం. బడ్జీలు, కాకటీళ్లు ఈ జాబితాలో లేవు.

ఇక రెడ్ ఇయర్డ్ స్లైడర్. అరచేతిలో పట్టేలా కొన్నది పెరిగి పెరిగి అడుగు పొడవు కావచ్చు. బాగా చూసుకుంటే 20 ఏళ్ల పైనే బతుకుతుంది. అప్పుడు ‘పుట్టినరోజున నీళ్లలో వదిలితే పుణ్యం’ అని పెన్నలోనో, మైలవరం జలాశయంలోనో, గుడి కోనేట్లోనో వదిలేవాళ్లుంటారు. అది పుణ్యం కాదు. ప్రపంచంలో అత్యంత హానికర చొరబాటు జీవులుగా గుర్తించిన వందలో ఇదొకటి. మన తాబేళ్ల తిండినీ, తావునూ లాక్కుంటుంది. పెంచలేకపోతే పశువైద్యులనో, అటవీశాఖనో అడగండి.

పుట్టినరోజే ఆరోగ్య పరీక్షల రోజు

పుట్టినరోజు ఏడాదికోసారి వస్తుంది. ఏడాదికోసారి చేయాల్సిన పనులకు అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? ఆ వారంలోనే జీవిని పశువైద్యుడికి చూపించండి. బరువు, డిప్ప పొడవు ఒక నోటుపుస్తకంలో పిల్లలతోనే రాయించండి. తాబేళ్లకు, ఇగ్వానాలకు పెట్టే యూవీబీ బల్బు వెలుగుతున్నట్టే కనిపించినా, ఏడాది తిరిగేసరికి దాని శక్తి తగ్గిపోతుంది. డిప్ప, ఎముకలు గట్టిపడాలంటే కొత్తది కావాలి. బొమ్మల టోపీ కంటే అదే మంచి కానుక.

మనకు దూరం పోవాల్సిన పనీ లేదు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది. ఆవులు, గేదెలకే అనుకోకుండా వెళ్లి అడగండి. అక్కడ కుదరకపోతే ఎక్కడికి వెళ్లాలో వారే దారి చూపిస్తారు.

ఇంకో పరీక్ష కూడా అదే రోజు పెట్టుకోండి. అది ఇంట్లోని పెద్దవాళ్లది. అవ్వ షుగరు ఎంతుంది, తాత కిడ్నీలు ఎలా ఉన్నాయి, కోడలు గర్భవతా.. కిందటేడు లేని ముప్పు ఈ ఏడు ఉండొచ్చు. దాన్నిబట్టి తొట్టి ఎక్కడుండాలి, ఎవరు కడగాలి అన్నది మార్చుకోవాలి.

ఈ మధ్య ఆ పెద్దావిడ షుగరు పరీక్షకు వచ్చింది, మనవడు కూడా తోడొచ్చాడు. తాబేలు ఇంకా ఉంది. తొట్టి వంటింటి పక్క నుంచి పెరటి వసారాలోకి మారింది. నీళ్లు మార్చే పని తండ్రి తీసుకున్నాడు. ఈ ఏడు పుట్టినరోజు కూడా చేశారట. ఈసారి ఫొటోలు పిల్లవాడే నాకు చూపించాడు. తొట్టిలో క్యారట్ తురుము. గోడకు ‘చేతులు కడిగితేనే కేకు’ అని వాడు రాసి అంటించిన కాగితం. నాలుగు బారల దూరంలో కుర్చీలో అవ్వ.

‘‘దగ్గరికి పోలేదా అవ్వా?’’ అన్నాను.

‘‘యాడ పోనిచ్చినాడు సార్! గీత గీసి కూచోబెట్టినాడు. అది నా పక్కే చూస్తాండె, పాపం’’ అంది నవ్వుతూ.

అన్నట్టు, ఆమె ప్లేటులో కేకు చాలా చిన్న ముక్క. షుగరు సంగతి కూడా మనవడు మరిచిపోలేదు.

- వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ. (రోగులను గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాం)